అక్కకైనా చెప్పని మాట

యాగుప్ నుర్మిక్‌ను ఎస్టోనియా కేంద్ర బ్యాంకు అధ్యక్షుడిగా వేశారన్న వార్త పత్రికలో వచ్చిన ఉదయం అతని అక్క లొవీసె పైడె దగ్గరి తమ పల్లెలో పాల కేంద్రం ముందు నిలబడి క్యాన్లు లెక్కపెట్టుకుంటోంది. ఆ పల్లె పాడి సహకార సంఘానికి ఆమే పెద్ద. ఎవరో పత్రిక తెచ్చి చూపిస్తే ఒకసారి చదివింది, మడిచి పైబట్ట జేబులో పెట్టుకుంది.

"చిన్నప్పుడు వీడికి గొర్రెల్ని అప్పజెబితే ఏడింటిని తోలుకెళ్లి ఆరింటిని తోలుకొచ్చేవాడు. ఇప్పుడు దేశం డబ్బంతా అప్పజెప్పారు. ఇక దేవుడే దిక్కు" అంది.

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అయితే ఆ పత్రిక ముక్కను మాత్రం చాలాకాలం ప్రార్థన పుస్తకంలో దాచుకుంది. తల్లి పోయేనాటికి యాగుప్‌కు తొమ్మిదేళ్లు, ఆమెకు పదిహేడు. పట్నం బడికి పంపింది ఆమే, సెలవులకొస్తే చెవి మెలిపెట్టి గడ్డి కోయించింది కూడా ఆమే.

యాగుప్‌కు అప్పటికి నలభై ఆరేళ్లు. పన్నెండేళ్లుగా తార్తు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెబుతున్నాడు. పెళ్లి చేసుకోలేదు. పొడుగ్గా, కొంచెం వంగి నడుస్తాడు, మాట తక్కువ. డబ్బు గురించి అతను రాసిన పుస్తకం దేశంలో చదువుకున్నవాళ్లందరి ఇళ్లలోనూ ఉండేది. అందులో అతను చెప్పింది తేలికైన సంగతే. డబ్బు ఒక కొలబద్ద, బట్టల కొట్టువాడు పూటకోసారి గజాన్ని కుదిస్తూ పోతే వాడి దగ్గర ఎవరూ కొనరు, కాబట్టి మన దేశపు డబ్బు క్రూన్‌ను ఇంత బంగారమని ఒకసారి కట్టేశాక ఆ కట్టు విప్పకూడదు. ఎస్టోనియాలో ఆ మాట ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. జారు చక్రవర్తి రూబుళ్లను గోడలకు అంటించుకున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. జర్మన్ మార్కులను సంచుల్లో మోసుకెళ్లి రొట్టెలు కొన్నవాళ్లూ ఉన్నారు.

అతన్ని బ్యాంకుకు తెచ్చింది కూడా ఆ పుస్తకమే. అంతకుముందు, 1931 శరదృతువులో, ఇంగ్లండు తన పౌనుకు బంగారంతో ఉన్న ముడిని తెంపేసుకుంది. పౌను విలువ పడిపోయింది. వెనకాలే స్వీడన్, డెన్మార్క్, ఫిన్లండ్ తమ డబ్బు విలువ తగ్గించుకున్నాయి. ఎస్టోనియా మంత్రులు కంగారుపడి, ఎవరేమన్నా చలించని మనిషి కావాలని వెతికి యాగుప్‌ను పట్టుకున్నారు.

అతను చలించలేదు. ఏడాది పాటు చలించలేదు. వడ్డీ పెంచాడు, బంగారం బయటికి పోకుండా కాపాడాడు. వెన్న కొనే లండన్ వర్తకులు అవే పౌన్లు ఇస్తున్నా, ఆ పౌన్లను మార్చితే చేతికొచ్చే క్రూన్లు మాత్రం నెలనెలా తగ్గుతూ వచ్చాయి. పాల కేంద్రాలు ఒకటొకటిగా మూతపడ్డాయి. బడిపంతుళ్ల జీతాలు కోశారు. రాజధాని తాలిన్‌లో బ్యాంకుకు వెళ్లే దారిలోనే పనిపోయిన మనుషులు ప్రభుత్వం ఇచ్చే కూలికి రాళ్లు కొడుతూ కనిపించేవాళ్లు. వాళ్లలో ఒకతను తార్తులో యాగుప్ దగ్గర చదువుకున్నవాడు. యాగుప్‌ను చూసి టోపీ తీసి నమస్కరించాడు. యాగుప్ ఆ తర్వాత వారంరోజులు ఇంకో వీధి గుండా వెళ్లాడు. తర్వాత అలా వెళ్తున్నందుకు సిగ్గేసి మళ్లీ ఆ దారినే వెళ్లడం మొదలుపెట్టాడు.

ఫిబ్రవరిలో రెండురోజులు సెలవు పెట్టి అక్క ఇంటికి వెళ్లాడు. బయట మోకాలెత్తు మంచు. వంటింట్లో పొయ్యి పక్కన బావ ప్రీడు గడ్డిదంతెకు పళ్లు చెక్కుతున్నాడు. లొవీసె బార్లీ జావ వడ్డించి, నల్ల రొట్టె పక్కన పిడికిలంత వెన్న ముద్ద పెట్టింది.

"ఇంత ఎందుకక్కా?"

"తిను. లండన్ పంపితే పీపా ఖరీదు కూడా రావడం లేదు. పందులకు పెట్టేముందు నీకు పెడుతున్నా."

"ఎగతాళి చాలు."

"ఎగతాళి కాదురా. ప్రొఫెసరువి కదా, ఒక సంగతి చెప్పు. నీ పుస్తకంలో డబ్బు కొలబద్ద లాంటిదన్నావు."

"అన్నాను."

"కొలబద్ద మారకూడదన్నావు."

"అవును."

"మా పీపాలో వెన్న మారలేదు. అవే ఆవులు, అదే గడ్డి, అదే యాభై కిలోలు. నాలుగేళ్ల కింద దానికి నూట యాభై క్రూన్లొచ్చాయి. ఇప్పుడు అరవై వస్తున్నాయి. వెన్న కుంచించుకుపోలేదు. మరి ఏం జరిగినట్టు? నీ కొలబద్దే సాగింది."

యాగుప్ చెంచా దించాడు. "ఒక్క వెన్న ధర పడినంత మాత్రాన..."

"ఒక్క వెన్నేనా? పందిమాంసం చూడు. గుడ్లు చూడు. అవిసె నార, కలప, ఉన్ని. తగ్గనిది ఒక్కటంటే ఒక్కటి చెప్పు, ఇంకో వెన్న ముద్ద పెడతా."

ప్రీడు తలెత్తకుండానే "అప్పులు తగ్గలేదు" అన్నాడు.

"అదీ సంగతి" అంది లొవీసె.

యాగుప్‌కు కోపం వచ్చింది. అతనికి కోపం వస్తే గొంతు పెరగదు, చల్లబడుతుంది. "అక్కా, ఇది నీకు అర్థమయ్యే విషయం కాదు."

"కాకపోవచ్చు. నాకు అర్థం కానిది నీ పుస్తకంలో ఉంది. నీకు అర్థం కానిది మా పాల క్యాన్లో ఉంది. వెళ్లేముందు ఒకసారి తొంగి చూసిపో."

మర్నాడు తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని అతను అక్కకు సమాధానం రాయడం మొదలుపెట్టాడు. నాలుగు వాక్యాలు రాశాక ఆగిపోయాడు. నాలుగో వాక్యం తప్పు. కొట్టేసి ఇంకోలా రాశాడు. అదీ తప్పే. తాలిన్ చేరేసరికి కాగితం నిండా కొట్టివేతలే మిగిలాయి, సమాధానం లేదు.

బ్యాంకులో గుమాస్తా ఎర్నాను పిలిచి, ఇళ్లలో నిత్యం కొనుక్కునే ముప్పై వస్తువులకు పదేళ్ల ధరలు తీసి పట్టిక వేయమన్నాడు. రొట్టె, ఉప్పు చేపలు, కట్టెలు, సబ్బు, కిరసనాయిలు, పిల్లల బూట్లు. మూడు వారాలకు పట్టిక వచ్చింది. చూస్తూ కూర్చుంటే లొవీసె గొంతే వినిపిస్తున్నట్టుంది. అన్నీ పడ్డాయి, అన్నీ కలిసి పడ్డాయి. ప్రపంచంలోని వస్తువులన్నీ ఒక్కసారిగా చవకవడం జరగదు. ఖరీదెక్కింది బంగారం. ప్రతి దేశమూ దాన్ని ఒడిసి పట్టుకుని దాచుకుంటుంటే దాని విలువ పెరుగుతూ పోయింది, దానికి కట్టిన క్రూన్ కూడా వెంట పోయింది. డబ్బు నిలకడగా ఉండాలన్న మాటలో తప్పు లేదు. నిలకడ లేని దానికి కట్టి నిలకడ అనుకోవడమే తప్పు. పన్నెండేళ్లు పిల్లలకు అదే చెప్పాడు. రాళ్లు కొడుతున్న ఆ కుర్రాడికీ అదే చెప్పాడు.

జూన్ మొదటివారంలో బ్యాంకు పాలకమండలి ముందు ఈ మాటలన్నీ చెప్పి, క్రూన్‌కు బంగారంతో ఉన్న కట్టు విప్పి దాని విలువ తగ్గించాలన్నాడు. తొమ్మిదిమంది సభ్యులు. అందరికంటే పెద్దవాడు తాంబెర్గ్, డెబ్బై దాటినవాడు. జారు కాలంలో పెట్రోగ్రాడ్‌లో బ్యాంకు నడిపి, విప్లవంలో సర్వం పోగొట్టుకుని, రెండు పెట్టెలతో తాలిన్ చేరాడు.

"ప్రొఫెసరుగారూ, నా భార్య పుట్టింటి వెండి అమ్మి రూబుళ్లు దాచింది" అన్నాడు తాంబెర్గ్. "ఒక చలికాలం ఆ రూబుళ్లతో మేం పొయ్యి రాజేసుకున్నాం. మీరు అప్పుడు ఎక్కడున్నారు?"

"తార్తులో. నేనూ రాజేశానండీ."

"మరి బుద్ధి రాలేదా?"

ఎవరో గొంతు సవరించుకున్నారు. యాగుప్ అన్నాడు: "ఆనాడు ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పలేదు. నేను ముందే చెబుతున్నాను. తగ్గించేది మూడింట ఒక వంతు, అదీ ఒక్కసారే. ఆ తర్వాత క్రూన్‌ను ఈ ముప్పై వస్తువుల ధరతో పట్టి చూస్తాం. ఏడాదిలో ఆ ధర పదో వంతుకు మించి పెరిగితే నేను తప్పుకుంటాను. ఎవరూ అడగక్కర్లేదు."

"గొప్పవాళ్లు ఎప్పుడూ ఒక్కసారే అంటారు" అని తాంబెర్గ్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట తేదీతో సహా రాసుకున్నాడు. "నేను వ్యతిరేకంగానే ఓటు వేస్తాను. కాని బయట ఒక్కరికీ చెప్పను. అంతవరకు నన్ను నమ్మండి."

ఐదుగురు అవునన్నారు, నలుగురు కాదన్నారు. మంత్రులు ఒప్పుకున్నారు. నడివేసవిలో వచ్చే యోహాను పండుగ సెలవులైన తర్వాతి బుధవారం ప్రకటించాలని నిర్ణయం. అంతవరకు విషయం పొక్కకూడదు. పొక్కితే ఉన్నవాళ్లు తమ డబ్బును రాత్రికి రాత్రి స్టాక్‌హోమ్ దాటించేస్తారు, భారమంతా మిగిలినవాళ్ల నెత్తిన పడుతుంది. ఈ మార్పుతో తనకు లాభం రాకూడదని యాగుప్ ఆ మధ్యాహ్నమే తన దగ్గరున్న కొద్దిపాటి స్వీడిష్ డబ్బును పాత ధరకే బ్యాంకుకు అమ్మేశాడు. ఎప్పుడో అక్కడ ఉపన్యాసాలకిచ్చిన డబ్బు అది.

ఇప్పుడు చిక్కు ఎక్కడొచ్చిందంటే, యోహాను పండుగకు అతను ఏటా అక్క ఇంటికే వెళ్తాడు. వెళ్లకపోతే ఎందుకు రాలేదని పల్లె పల్లెంతా అనుకుంటుంది. అందుకని వెళ్లాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి లొవీసె వాకిలి నిండా చుట్టుపక్కల వాళ్లున్నారు. బర్చ్ కొమ్మలు గుమ్మానికి కట్టారు. ఇంట్లో కాచిన బీరు చెక్క ముంతల్లో చేతులు మారుతోంది. సోపు వేసిన కొత్త జున్ను కోసి పెడుతున్నారు. పెద్ద ఉయ్యాల మీద అమ్మాయిలు కేకలు పెడుతున్నారు.

"ఏమయ్యా బ్యాంకుదొరా, ఈసారి పండుగ మంటలో వేయడానికి నోట్లేమైనా తెచ్చావా?" అన్నాడొక ముసలాయన.

"నోట్లు తేలేదు తాతా, నీ కోసం ఒక చుట్ట తెచ్చాను."

"అదే మేలు. చుట్ట కాలుతుంటే కనీసం వాసనైనా వస్తుంది."

నవ్వులు ఆగకముందే లొవీసె తమ్ముడి చేతిలో పాల బిందె పెట్టింది. "రా, పాలు పితకాలి. నీ చేతులు మరీ మెత్తబడిపోయాయి."

పశువుల కొట్టంలో పద్నాలుగు ఆవులున్నాయి. చల్లగా, చీకటిగా, ఎండుగడ్డి వాసనగా ఉంది. ఆమె ఒక ఎర్రావు పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

"సోమవారం పశువుల దళారి వస్తున్నాడు" అంది. "ఆరింటిని ఇచ్చేద్దామనుకుంటున్నా. తలకు ముప్పై క్రూన్లంటున్నాడు. తోలు ఖరీదు కూడా రాదు. కాని పాలు అమ్మి వీటికి తవుడు కొనలేకపోతున్నా. నెలాఖరుకు పాల కేంద్రం కూడా మూసేయాలి. చెప్పరా, కొన్నాళ్లు ఆగితే ఏమైనా బాగుపడుతుందా?"

యాగుప్ కొట్టం స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు. "తొందరేముందక్కా" అంటే చాలు, ఆ రెండు మాటలే. నాలుక చివరిదాకా వచ్చాయి. ఎవరు వింటారు? ఆవులు వింటాయి.

"పశువుల సంగతి నాకేం తెలుసక్కా" అన్నాడు.

"పశువుల సంగతి నేనడగలేదు. డబ్బు సంగతి అడిగాను."

"డబ్బు సంగతి బ్యాంకు బయట మాట్లాడను. నీకు తెలుసు."

"అక్కతో కూడానా?"

"అక్కతో కూడా."

ఆమె పితకడం ఆపి వెనక్కి తిరిగి అతని మొహం చూసింది. చాలాసేపు చూసింది. అతను ఆ చూపును తప్పించుకోలేదు, కాని కళ్లల్లోకి ఏమీ రానివ్వకుండా నిలబడ్డాడు. ఈ విషయం తెలిసిన ప్రతి మనిషికీ ఒక అక్కో, ఒక బావమరిదో, ఒక పాత స్నేహితుడో ఉంటాడు. అందరూ ఒక్కరికే చెబుతారు. తాంబెర్గ్ వ్యతిరేకంగా ఓటు వేసినా నోరు విప్పడం లేదు. తను ఆవుల మధ్య నిలబడి విప్పితే?

"సరే" అని ఆమె మళ్లీ ఆవువైపు తిరిగింది. "అప్పుగా నాలుగు డబ్బులిస్తావేమోనని కూడా అనుకున్నా. అడగనులే."

ఇస్తే అదీ చెప్పడమే అవుతుంది. నిండిన బిందె ఎత్తుకుని ఇంటివైపు నడిచాడు. దారిలో రెండుచోట్ల పాలు ఒలికాయి.

సోమవారం దళారి వచ్చి ఆరు ఆవులను తోలుకెళ్లాడు. బుధవారం ఉదయం ప్రకటన వెలువడింది.

ఆ రోజు మధ్యాహ్నానికి బ్యాంకు ముందు వీధి నిండిపోయింది. పొదుపు పుస్తకాలు చేత్తో పట్టుకున్న ఆడవాళ్లే ఎక్కువ. కొట్లలో చక్కెర నిండుకుంది. "మళ్లీ రూబుళ్ల రోజులొచ్చాయి!" అని ఎవరో అరిచారు. యాగుప్ కిందికి దిగి మెట్ల మీద నిలబడ్డాడు. అతనికి ఉపన్యాసం ఇవ్వడం వచ్చు, గుంపుతో మాట్లాడటం రాదు.

"డబ్బు కావలసినవాళ్లకు ఇవాళే ఇస్తాం, అందరికీ ఇస్తాం" అన్నాడు. "కాని ఒక్కమాట. రొట్టెకు వాడే రై గింజలు మన పొలాల్లోవే. కట్టెలు మన అడవిలోవే. చేపలు మన సముద్రంలోవే. వాటికి లండన్‌తో పనిలేదు. శనివారం సంతకెళ్లి చూడండి. ధరలు పెరిగితే వచ్చి నన్ను అడగండి. పారిపోను, ఇక్కడే ఉంటాను."

"ఎక్కడికి పారిపోతాడులే, ఆ కాళ్లకు పరుగు కూడానా!" అంది ముందు వరసలో ఒకావిడ. జనంలో కొందరు నవ్వారు. కొందరు డబ్బు తీసుకునే వెళ్లారు. సాయంత్రానికి వరస పలచబడింది.

శనివారం పొద్దున్నే అతను సంతకు వెళ్లేసరికి అక్కడ తాంబెర్గ్ ఉన్నాడు. చేతిలో చిన్న పుస్తకం, పెన్సిలు.

"మీ మీద నమ్మకం లేక వచ్చాను" అన్నాడు పెద్దాయన.

"నా మీద నాకూ లేదండీ. అందుకే వచ్చాను."

ఇద్దరూ కలిసి తిరిగారు. చిన్న చేపలమ్మే యూలా వీళ్లను చూడగానే గొంతెత్తింది. "రండి దొరలూ, రండి! కిలో పోయిన వారం ధరకే. రాసుకోండి. నేను మంచిదాన్నని కూడా రాసుకోండి."

"ఎందుకు పెంచలేదమ్మా?" అడిగాడు తాంబెర్గ్.

"పెంచా బాబూ, గురువారం పెంచా. పక్కన అన్నా పెంచలేదు, జనమంతా దాని దగ్గరికే పోయారు. నా చేపలు నన్నే చూస్తూ కూర్చున్నాయి. శుక్రవారం దించా."

తాంబెర్గ్ నవ్వలేదు, కాని ఆ మాటలు ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. కాఫీ, చక్కెర కొంచెం పెరిగాయి. రొట్టె పెరగలేదు. కట్టెలు పెరగలేదు. ఉప్పు ధర రెట్టింపు చేసిన ఒక కొట్టువాడి ముందు తాంబెర్గ్ కర్ర తాటిస్తూ నిలబడి, ఈ ఉప్పు ఏ ఏడు కొన్నావు, ఏ ధరకు కొన్నావు అని పావుగంట అడిగాడు. మూగిన జనం చూస్తుండగానే వాడు పాత ధర పలక మళ్లీ తగిలించాడు. ఆ తర్వాత ప్రతి శనివారం ఆ ఇద్దరూ సంతలో కనిపించేవాళ్లు. ఆడవాళ్లు వాళ్లకు పేర్లు కూడా పెట్టారు, పొడుగు దొర, పుస్తకం దొర అని.

ఆగస్టుకు వెన్న పీపా తొంభై క్రూన్లకు చేరింది. మూతపడిన పాల కేంద్రాలు ఆ నెలలోనే మళ్లీ తెరుచుకోసాగాయి. రేవుకు మళ్లీ కలప ఓడలు రాసాగాయి. రాళ్లు కొట్టే చోట మనుషులు సగమయ్యారు. ఒకరోజు చూస్తే ఆ తార్తు కుర్రాడు కూడా అక్కడ లేడు. కలప ఎగుమతి చేసే కొట్లో లెక్కలు రాస్తున్నాడని తర్వాత తెలిసింది.

లొవీసె నుంచి మాత్రం ఒక్క ముక్క రాలేదు. యాగుప్ మూడు ఉత్తరాలు రాశాడు. నాలుగో ఉత్తరానికి ప్రీడు జవాబిచ్చాడు. "ఆరు ఆవులు పోయాయి. ఎర్రది కూడా. ఆమె నీ పేరు ఎత్తడం లేదు. నేను ఎత్తితే నాకు అన్నం పెట్టడం లేదు. కాబట్టి నేనూ ఎత్తడం మానేశాను. గడ్డి బాగా పండింది. మీ బావ." యాగుప్ ఆ ఉత్తరాన్ని చాలాసార్లు చదివాడు. నవ్వొచ్చేది, వెంటనే ఎర్రావు గుర్తొచ్చేది. చేసింది తప్పని అతనికి అనిపించలేదు. కాని తప్పు కానందువల్ల నొప్పేమీ తగ్గలేదు.

అక్టోబరులో పాడి సహకార సంఘాలన్నీ కలిసి తాలిన్‌లో మహాసభ పెట్టి యాగుప్‌ను మాట్లాడమని పిలిచాయి. మూడువందల మంది రైతులు, తడి ఉన్ని కోట్లు, పొగాకు వాసన. అతను ధరల పట్టిక గురించి చెప్పాడు. జూన్ నుంచి ఇంటి ఖర్చు నూటికి మూడు పెరిగింది, అంతే. చప్పట్లు కూడా పడ్డాయి. అప్పుడు కాస్క్ అనే పిండిమర యజమాని లేచాడు. మహాసభకు అతిథిగా వచ్చినవాడు. జూన్‌లో చాలా పోగొట్టుకున్నాడని అందరికీ తెలుసు.

"అంతా బాగానే ఉంది. ఒక్క ప్రశ్న" అన్నాడు. "ప్రకటన కంటే ముందే ఈ సంగతి తెలిసినవాళ్లున్నారు. వాళ్లకు చుట్టాలున్నారు. అధ్యక్షులవారి చుట్టాలు ఆ వారం ఎంత వెనకేసుకున్నారో సభకు చెబుతారా?"

యాగుప్ ఏదో చెప్పబోయాడు. ఏం చెప్పినా సంజాయిషీలాగే ఉంటుందని అతనికి తెలుసు. ఈలోగా వెనక వరసలో కుర్చీ చప్పుడైంది.

"ఆయన చుట్టాన్ని నేనే" అంది లొవీసె.

ఆమె వచ్చిందని అతనికి తెలియదు. పైడె సంఘం తరఫున వచ్చి, అతనికి కనబడకుండా స్తంభం వెనక కూర్చుంది.

"ఉన్న ఒక్క అక్కని. ఎంత వెనకేసుకున్నానో చెబుతా, రాసుకోండి. యోహాను పండుగనాడు ఈయన మా కొట్టంలో నా పక్కన నిలబడ్డాడు. ఆవుల్ని అమ్మనా, ఆగనా అని అడిగాను. నాకేం తెలుసక్కా అన్నాడు. సోమవారం ఆరు ఆవుల్ని తలకు ముప్పైకి ఇచ్చేశాను. బుధవారం ప్రకటన. శనివారం అదే దళారి అవే ఆవుల్ని మా ఊరి సంతలోనే తలకు యాభైకి అమ్మాడు. నా ఎర్రావును నా కళ్లముందే అమ్మాడు!"

ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. ఆమె అటు తిరిగింది.

"నవ్వండి. మా ఊళ్లో నాలుగు నెలల్నుంచి నవ్వుతూనే ఉన్నారు. బ్యాంకు తమ్ముడుండి కూడా ఆవుల్ని అగ్గువకు అమ్మిన పిచ్చిది లొవీసె అని. ఇంత కఠినమైన తమ్ముడు ఈ దేశంలో ఇంకొకడుంటే చూపించండి." కాస్క్ వైపు తిరిగింది. "కాని కాస్క్‌గారూ, ఒకటి చెప్పండి. డబ్బు పెట్టెకు కాపలా పెట్టాల్సి వస్తే మీరు ఎవర్ని పెడతారు? చుట్టాలకు చెప్పేవాణ్నా, అక్కకైనా చెప్పనివాణ్నా?"

మొదట ఒక మూలవాళ్లు, తర్వాత సభంతా కాళ్లతో నేలను తాటించి మెచ్చుకోలుగా చప్పుడు చేశారు. కాస్క్ కూర్చున్నాడు. వేదిక మీద తాంబెర్గ్ లేచి, ఆమెవైపు తిరిగి, నెమ్మదిగా తల వంచాడు.

సభ అయ్యాక యాగుప్ మెట్ల దగ్గర నిలబడి ఉంటే ఆమె తలగుడ్డ బిగించుకుంటూ వచ్చింది.

"క్షమించేశానని అనుకోకు" అంది.

"అనుకోవడం లేదక్కా."

"ఆ ఎర్రావు నాకు ఎంత ఇష్టమో నీకు తెలుసు."

"తెలుసు. ఆ రోజు నువ్వు దాన్నే పితుకుతున్నావు."

"నీ స్థానంలో నేనుంటే చెప్పేసేదాన్ని" అంది చివరికి. "నేను పక్కింటి హెల్మికి చెప్పేదాన్ని, హెల్మి పాస్టరు పెళ్లానికి చెప్పేది, మధ్యాహ్నానికి జిల్లా అంతా తెలిసిపోయేది. అది ఒప్పుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. సంతోషమా?"

"లేదు" అన్నాడు అతను. చేతి వెనకతో కళ్లు తుడుచుకున్నాడు. "ఆవులు పోయినందుకు నాకు బాధగానే ఉంది. చెప్పనందుకు లేదు. రెండూ నిజమే అక్కా."

"సరే, సరే. వీధిలో ఏడవకు, నోట్ల మీద సంతకం చేసే మనిషివి. నాకు ఆకలేస్తోంది."

రేవు దగ్గరి భోజనశాలలో ఉప్పు చేపలు, బంగాళాదుంపలు, పుల్లపాలు తెప్పించుకున్నారు. తాంబెర్గ్ కూడా వచ్చి, అనుమతి అడిగి మరీ కూర్చున్నాడు.

"అమ్మా, నేను మీ తమ్ముడికి వ్యతిరేకంగా ఓటు వేశాను" అన్నాడు.

"మంచి పని చేశారు. చిన్నప్పుడు వీడికి ఎవరూ ఎదురుచెప్పక ఇలా తయారయ్యాడు. ఇప్పుడేమంటారు?"

"ఏడాది ఇంకా కాలేదు కదా" అన్నాడు పెద్దాయన, రొట్టెకు వెన్న రాస్తూ. "అయితే శనివారాలు ఇంట్లో కూర్చోవడం కంటే బాగున్నాయి. ఆ యూలా అనే ఆవిడ నన్ను బావగారూ అంటోంది."

లొవీసె పకపకా నవ్వింది. పాల కేంద్రం ఆగస్టులో మళ్లీ తెరిచారట. ఈ నెల పదకొండు కొత్త కుటుంబాలు సంఘంలో చేరాయట. రెండు పెయ్యలను కొన్నదట, ఒకటి తన్నేదట. ఆ తన్నేదాన్ని గురించే అరగంట చెప్పింది. యాగుప్ వింటూ కూర్చున్నాడు. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి అతనికి కడుపునిండా తినాలనిపించింది. ఇంకో పళ్లెం తెప్పించుకున్నాడు.

సాయంత్రం బండికి ఆమెను స్టేషన్‌లో దింపాడు. రైలు పెట్టెలోకి ఎక్కి, కిటికీ దించి, తల బయటపెట్టి అంది:

"మార్చిలో రెండు ఆవులు ఈనబోతున్నాయి. వచ్చి సాయం చెయ్యి."

"బ్యాంకు ఉంది కదక్కా."

"బ్యాంకుకు తొమ్మిదిమంది ఉన్నారు. నాకు ప్రీడు ఒక్కడే ఉన్నాడు, వాడు రక్తం చూస్తే కళ్లు తిరిగి పడిపోతాడు. వస్తావా, రావా?"

"వస్తాను."

"మాట తప్పవు కదా?" అంటూనే ఆమెకు నవ్వొచ్చేసింది. బండి కదిలింది.

మార్చిలో అతను నాలుగు రోజులు సెలవు పెట్టాడు. ఎందుకు అని ఎర్నా అడిగితే ఉన్నమాటే చెప్పాడు. రబ్బరు బూట్లు ఒక జత కొనుక్కుని, ఉదయం బండికి పైడె బయల్దేరాడు.